గృహహింస చట్టం అమలుపై రెండు రాష్ట్రాలకు వినతిపత్రం: ఏమేం అడగాలి?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ప్రధాన కార్యదర్శులకు, మహిళా శిశు సంక్షేమ శాఖలకు ఒక వినతిపత్రం తయారుచేద్దామని ఈ చర్చ. ‘కఠిన చర్యలు తీసుకోవాలి’ అని రాస్తే ‘తీసుకుంటున్నాం’ అని ఒక్క లైనులో జవాబు వస్తుంది. ఏ అధికారి ఏ పని ఎన్ని రోజుల్లో చేయాలో, అది చట్టంలో ఎక్కడుందో రాస్తే అలా తప్పించుకోవడం కుదరదు.

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్కల్లో, పెళ్లయిన 18–49 ఏళ్ల ఆడవాళ్లలో భర్త చేతిలో హింసకు గురైనవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తమ్మీద చూస్తే హింస పడినవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. ఆ మిగతావాళ్లు అడగడానికి దగ్గర్లో మనిషి ఉన్నారా అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడే ఎందుకంటే, 2025 మే 20న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఒక ఆదేశం ఇచ్చింది. జిల్లా, తాలూకా స్థాయిల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను గుర్తించి రక్షణ అధికారులుగా (ఈ చట్టం కింద బాధితురాలికి, కోర్టుకు సాయపడే అధికారులు) నియమించాలని, ఇంకా నియమించని చోట ఆరు వారాల్లో ఆ పని పూర్తిచేయాలని. మన దగ్గర తాలూకాలు పోయి మండలాలు వచ్చి నలభై ఏళ్లు. కాబట్టి మండల స్థాయి అని అడిగే హక్కు మనకుంది. వివరం తెలిసినవాళ్లు రాయండి.

డివిసి_వకీలు:

మంచి పని అండీ. గడువుల నుంచి మొదలుపెడతాను.

సెక్షన్ 12 కింద బాధితురాలి తరఫున మేజిస్ట్రేటుకు వేసే దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ మామూలుగా పెట్టాలి. ఆ తేదీ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. సెక్షన్ 13 ప్రకారం ప్రతివాదికి, అంటే హింస చేశారన్నవారికి, నోటీసు అందించాల్సింది రక్షణ అధికారి. రెండు రోజుల్లో, లేదా కోర్టు అనుమతించిన మరికొంత గడువులో. కాగితం మీద ఇంత బాగుంటుంది.

నిజానికి బండి ఆగేది ఆ నోటీసు దగ్గరే. జిల్లాకు ఒక రక్షణ అధికారి. ఆ అధికారికి అంగన్‌వాడీలు, బాల్యవివాహాలు, దత్తత, సమీక్షా సమావేశాలు అన్నీ ఉంటాయి. నోటీసు పట్టుకెళ్లే సిబ్బంది చాలడం లేదు కనుక దాన్ని స్టేషనుకి పంపుతారు. కానిస్టేబుల్ బందోబస్తులో ఉంటారు. చివరికి ‘ఇంటికి తాళం వేసి ఉంది’ అని రాసి కోర్టుకి తిరిగొస్తుంది. మళ్లీ కొత్త నోటీసు, మళ్లీ వాయిదా. 60 రోజులూ ఇందులోనే కరిగిపోతాయి, ఆమె మాత్రం పుట్టింట్లోనో అదే ఇంట్లోనో ఉంటుంది.

ఈ చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల్లో 12వది చదవండి. ప్రతివాది ఉండే చోటే కాదు, పనిచేసే చోట కూడా నోటీసు ఇవ్వొచ్చు. అక్కడ బాధ్యతగా ఉన్న వ్యక్తి చేతికి ఇవ్వొచ్చు. అదీ కుదరకపోతే అందరికీ కనపడేలా తలుపుకి అంటించొచ్చు. అందుకే దరఖాస్తులో ప్రతివాది ఉద్యోగం చేసే చోటు చిరునామా తప్పక రాయాలి. చాలా దరఖాస్తుల్లో ఇది ఉండదు.

వినతిపత్రంలో నా మొదటి కోరిక: ప్రతి రక్షణ అధికారికి నోటీసులు అందించడానికే ఒక మనిషి, ఒక వాహనం. ఆఫీసుకు కావలసిన సహాయం రాష్ట్ర ప్రభుత్వమే సమకూర్చాలని 3వ నిబంధనలో ఉంది. మనం కొత్తగా కోరుతున్నది కాదు.

సంఘం_లీడరు:

మా దిక్కు రక్షణ అధికారి అంటె ఎవ్వరో సంఘం లీడర్లకు గూడ ఎర్కలేదు సార్. ఆఫీసు జిల్లా కేంద్రంల ఉంటది. కూలికి పొయ్యే ఆడామె ఆ దినం కూలి ఇడ్సిపెట్టి, పిల్లల్ని ఎంటేసుకొని, బస్సు కిరాయి పెట్టుకొని పోవాలె. పోయినంక ‘మేడం మీటింగుకు పొయ్యింది, రేపు రాండ్రి’ అంటె మల్లెన్నడన్న పోతదా? పోదు. ఊర్ల పెద్దమనుషుల దగ్గరికే పోతది. వాళ్లు ఇద్దరిని కూసోబెట్టి, కాగితం రాపిచ్చి, ఇంటికి తోల్తరు. ఆ కాగితంల ఆమె కోరింది ఏమన్న ఉంటదా అంటె ఉండదు.

ఒక్క సంగతి అందరికి చెప్పాలె. సెక్షన్ 4 కింద ఫిర్యాదు ఆమెనే ఇయ్యాలని లేదు. పక్కింటోళ్లు, సంఘపామె, టీచరమ్మ, ఎవ్వరైన రక్షణ అధికారికి సమాచారం ఇయ్యొచ్చు. మంచి మనసుతోని ఇచ్చినోళ్ల మీద కేసు పడదు. ఇది ఊర్లల్ల తెల్వదు. ‘మనకెందుకు, రేపు మన మీదికొస్తది’ అని బయపడి ఊకుంటున్నరు. గ్రామ పంచాయతి గోడ మీద, అంగన్‌వాడి గోడ మీద ఈ ముక్క, అధికారి ఫోన్ నంబరు, ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181 రాపియ్యాలని పెట్టుండ్రి.

గోదారిగట్టు:

తప్పకుండా పెడదాం అక్కా. ప్రచారం చేయడం సెక్షన్ 11 కింద ప్రభుత్వం బాధ్యతే. అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సరైనదేనన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం ఉన్నారు. మహిళా దినోత్సవానికి ఒక ఫ్లెక్సీ కడితే ఈ అంకె కదలదు.

ఫారం_ఒకటి (గృహహింస విభాగంలో కౌన్సెలింగ్ పని తెలిసినవారు):

జరిగిన హింస గురించి రక్షణ అధికారి నింపే సంఘటన నివేదిక గురించి రాస్తాను. ఫారం-1 అంటే అదే, అందరూ డి.ఐ.ఆర్. అంటారు. కేసు గట్టిపడేదీ, నీరుగారేదీ ఇక్కడే.

సాధారణంగా కనిపించే లోపం: ‘పెళ్లయినప్పటి నుంచి తాగొచ్చి కొడుతున్నాడు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేయడం. ఫారంలో ప్రతి సంఘటనకూ తేదీ, సమయం, చోటు, ఎవరు చేశారు అన్న గడులున్నాయి. తేదీ గుర్తులేకపోతే ‘సంక్రాంతికి ముందువారం’, ‘చిన్నపాపకి టీకా వేయించిన రోజు’ అని రాయించుకుంటే చాలు, తర్వాత కార్డులూ రసీదులూ చూసి సరిచేసుకోవచ్చు. పాతవన్నీ పదిముక్కల్లో చెప్పించేకంటే మొదటిది, చివరిది, అన్నిటికంటే తీవ్రమైనది వివరంగా రాయించడం మేలు.

రెండో లోపం ఆర్థిక హింస గడి ఖాళీగా వదిలేయడం. సెక్షన్ 3లో శారీరక, లైంగిక, మాటల ద్వారా మానసిక హింసతో పాటు ఆర్థిక హింస కూడా ఉంది. అడిగే పద్ధతి తెలియాలి. ‘డబ్బు ఇబ్బంది పెడతాడా’ అంటే లేదంటారు. ‘మీ ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది? డ్వాక్రా అప్పు మీ పేరున తీసి ఎవరు వాడారు? వాయిదా ఎవరు కడుతున్నారు? మీ నగలు ఏ బ్యాంకులో కుదువలో ఉన్నాయి?’ అని అడిగితే మొత్తం బయటికొస్తుంది.

మూడోది స్త్రీధనం జాబితా. ‘20 తులాల బంగారం’ అని మొత్తంగా రాస్తే అవతలివాళ్లు కాదనడం తేలిక. వస్తువు వారీగా రాయాలి: నల్లపూసల గొలుసు, గాజులు ఎన్ని, జుంకాలు, ఒక్కోదాని బరువు గ్రాముల్లో, ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది. పెళ్లి ఆల్బంలో ఆ నగ కనపడే ఫొటో, కొన్న షాపు బిల్లు జతచేయాలి. మంచం, బీరువా, ఫ్రిజ్, బండి కూడా. సెక్షన్ 19లోనే స్త్రీధనం తిరిగి ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకుంది.

ఒకటి గుర్తుంచుకోండి. డి.ఐ.ఆర్. లేకపోతే కోర్టు కేసు తీసుకోదన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది లేకపోయినా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. అధికారి దొరకలేదని ఆగిపోనక్కర్లేదు, నేరుగా కోర్టుకి వెళ్లొచ్చు.

నిదానం:

నా సందేహం వేరు. ఈ చట్టాలు దుర్వినియోగం అవుతున్నాయని కోర్టులే చాలాసార్లు అన్నాయి. మీరు మండలానికో అధికారిని అడిగితే ప్రతి చిన్న గొడవా కేసవుతుంది. ముసలి తల్లిదండ్రుల్ని కూడా ఇరికిస్తారు. వినతిపత్రంలో దీని గురించి ఏమీ రాయరా?

డివిసి_వకీలు:

అడగవలసిన ప్రశ్నే. రెండు చట్టాలు కలిసిపోతున్నాయి, విడదీస్తాను. భర్త, అత్తింటివాళ్లు భార్యను హింసించడం మీద ఉన్న పాత 498ఎ, అంటే 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు, క్రిమినల్ నేరం. మూడేళ్ల వరకు శిక్ష. అందులో కూడా వెంటనే అరెస్టు చేయకూడదని, కారణాలు రాసిపెట్టాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు కట్టడి పెట్టింది. గృహహింస చట్టం దరఖాస్తు మీద అసలు అరెస్టే ఉండదు. అది అడిగేది రక్షణ, ఇంట్లో చోటు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక కస్టడీ, నష్టపరిహారం. ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే సెక్షన్ 31 వస్తుంది. ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా.

అధికారి దగ్గర్లో ఉండి తేదీలతో, ఆసుపత్రి కాగితాలతో నివేదిక రాస్తే అబద్ధపు ఆరోపణ కూడా అక్కడే తేలుతుంది. కుటుంబం మొత్తం పేర్లు రాసేది అధికారి కాదు. నెలల తరబడి ఎవరూ పట్టించుకోక, చివరికి కోపంతో రాయించే ఫిర్యాదులోనే అలాంటివి వస్తాయి. మీ ఆందోళనకు మందు కూడా శిక్షణ పొందిన అధికారే.

నిదానం:

క్రిమినల్ కేసుకీ దీనికీ తేడా అందరికీ అర్థమయ్యేలా వినతిపత్రంలో నాలుగు లైన్లు పెడితే నేను సంతకం చేస్తాను.

క్యాజువాలిటీ_డ్యూటీ:

ఆసుపత్రుల పాత్ర ఎవరూ రాయలేదు. 17వ నిబంధన డ్యూటీ డాక్టర్లలో చాలామందికి తెలియదు. డి.ఐ.ఆర్. లేదని వైద్యం నిరాకరించకూడదు. అంతకుముందు నివేదిక నమోదు కాకపోతే ఆసుపత్రి బాధ్యులే ఫారం-1 నింపి రక్షణ అధికారికి పంపాలి. పరీక్ష నివేదిక కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఈ మూడూ క్యాజువాలిటీ గోడ మీద ఉండాలి.

పరీక్ష దగ్గర జరిగే పొరపాట్లు చెప్తాను. భర్తో అత్తో పక్కన నిలబడి ఉండగా ‘ఎలా తగిలింది’ అని అడిగితే ‘బాత్‌రూమ్‌లో జారిపడ్డాను’ అనే వస్తుంది. ఎక్స్‌రేకి అనో, మూత్రపరీక్షకి అనో ఆమెను ఒక్కర్తినే లోపలికి తీసుకెళ్లి అడగాలి. జారిపడితే దెబ్బలు మోకాళ్లకూ అరచేతులకూ తగులుతాయి. ముంజేతి బయటివైపు, వీపు, చెవి వెనక, పై చేతుల లోపలివైపు వేళ్ల గుర్తులు, రంగు తేడా ఉన్న పాత కొత్త కమిలిన మచ్చలు ఒకేసారి కనపడితే అవి వేరే సంగతి చెబుతాయి. ప్రతి గాయం పొడవు, వెడల్పు, రంగు, చోటు బొమ్మ మీద గుర్తించాలి. ‘గాయాలున్నాయి’ అని రాస్తే కోర్టులో పనికిరాదు. ఎవరు కొట్టారని ఆమె చెప్పిందో ఆమె మాటల్లోనే రాయాలి.

గొంతు నులిమిన కేసు గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాను, శిక్షణలో ఇది చేర్చమని రాయండి. మెడ మీద గుర్తు ఒక్కటీ కనిపించకపోవచ్చు. గొంతు బొంగురు, మింగడానికి నొప్పి, కంటి తెల్లగుడ్డులో ఎర్రని చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, తెలియకుండా మూత్రం పోవడం అడిగి చూడాలి. రక్తనాళం లోపల దెబ్బతింటే గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత పక్షవాతం రావచ్చు. ‘ఏం కాలేదు, ఇంటికెళ్లు’ అనకుండా పరిశీలనలో ఉంచాలి. ఒకసారి గొంతు పట్టుకున్నవాడి చేతిలో ఆమె ప్రాణానికి ముప్పు చాలా ఎక్కువ. ఆ మాట నివేదికలో రాసి మధ్యంతర ఉత్తర్వు అదే రోజు అడగాలి.

స్టేషన్_రైటర్:

పోలీసు వైపు నుంచి రాస్తున్నా. సెక్షన్ 5 ప్రకారం, హింస సమాచారం అందగానే ఆమెకు ఐదు సంగతులు చెప్పాలి: ఈ చట్టం కింద ఉత్తర్వులు కోరవచ్చని, సేవా సంస్థలు ఉన్నాయని, రక్షణ అధికారి ఉన్నారని, ఉచిత న్యాయ సహాయం ఉందని, క్రిమినల్ ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చని. చెప్పినట్టు రాతలో ఎక్కడా ఉండదు. జనరల్ డైరీలో ఎంట్రీ, ఆమె సంతకం తప్పనిసరి చేయమని డీజీపీ సర్క్యులర్ కోరండి.

ఫిర్యాదు ఇచ్చేవాళ్లకు: ఇచ్చింది ‘పిటిషన్’గా ఉండిపోయిందా, ఎఫ్‌ఐఆర్ అయిందా అడగండి. రసీదు తీసుకోండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 ప్రకారం ఏ స్టేషన్ పరిధి అయినా తీసుకోవాలి. ఫోన్‌లోనో మెయిల్‌లోనో పంపితే మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ చేయొచ్చు, కానీ 14 రోజుల్లో ముగించాలి. ‘కౌన్సెలింగ్ నడుస్తోంది’ అని నెలలు తిప్పడానికి ఈ సెక్షన్ వీలివ్వదు. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉన్నారు.

ఇంకొకటి. స్టేషన్లో రాజీ అంటూ ‘ఇకమీదట ఫిర్యాదు లేదు’ అన్న కాగితం మీద సంతకం చేయకండి. రాసుకోవాల్సివస్తే అతను ఏం చేయనని ఒప్పుకున్నాడో, చేస్తే ఏమవుతుందో అందులో ఉండాలి.

ఫారం_ఒకటి:

దీనికి కలుపుతాను. చట్టంలో కౌన్సెలింగ్ అంటే సెక్షన్ 14, అది కేసు నడుస్తుండగా మేజిస్ట్రేటు ఆదేశిస్తే జరిగేది. 14వ నిబంధనలో ఒక మంచి మాట ఉంది: హింసను సమర్థించుకునే వాదన కౌన్సెలింగ్‌లో ప్రతివాది చేయకూడదు. ‘కూర బాలేదు, ఎదురు మాట్లాడింది, అందుకే చెయ్యి చేసుకున్నా’ అన్న మాట దగ్గరే ఆపాలి. హింస ఆపుతానని అతని చేత హామీ తీసుకోవాలి. మన దగ్గర కౌన్సెలింగ్ పేరుతో ఆమెను సర్దుకుపొమ్మనడమే ఎక్కువ.

కంచె_అవతల:

భర్త గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ అత్తింటివాళ్లు బయటికి గెంటిన కేసుల్లో ఏం అడగొచ్చు?

డివిసి_వకీలు:

సెక్షన్ 27 ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లో కూడా కేసు వేయొచ్చు, పుట్టింటి ఊరు చాలు. అత్త, ఆడపడుచు కూడా ప్రతివాదులు కావచ్చు, 2016లో హీరల్ హర్సోరా తీర్పు ‘వయోజన పురుషుడు’ అన్న పరిమితిని కొట్టేసింది. ‘ఇల్లు మామగారి పేరున ఉంది, నీకు హక్కు లేదు’ అంటే 2020లో సతీష్ చందర్ అహుజా తీర్పు చూపించాలి. ఉమ్మడిగా కాపురం చేసిన ఇల్లు బంధువు పేరున ఉన్నా నివాస హక్కు అడగొచ్చు. అయితే ఇంట్లోంచి వెళ్లిపొమ్మనే ఉత్తర్వు ఆడవాళ్ల మీద ఇవ్వరు. ఆ ఇల్లు అమ్మకుండా నిలుపుదల, లేదా అద్దె, రెండూ ప్రత్యామ్నాయంగా కోరాలి. ఇంటి నంబరు, నాలుగు హద్దులు రాయకపోతే ఉత్తర్వు అమలుకి వెళ్లిన పోలీసు వెనక్కొస్తాడు.

డబ్బు సంగతి. ప్రధాన దరఖాస్తుతో పాటే సెక్షన్ 23 కింద మధ్యంతర దరఖాస్తు, ఫారం-3 అఫిడవిట్ వేయాలి. ఇది వేయనందువల్లే చాలామంది తుది తీర్పు దాకా చేతిలో రూపాయి లేకుండా ఉంటారు. 2020 నవంబరు 4 నాటి రజనీష్–నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్ ఇవ్వాలి, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్క. జీతగాడైతే సెక్షన్ 20(6) కింద యజమానే జీతంలోంచి నేరుగా ఆమెకు కట్టేలా ఆదేశం అడగండి. అప్పుడు ప్రతి నెలా కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు.

కంచె_అవతల:

హింస జరిగి ఏడాది దాటితే కేసు వేయకూడదంటున్నారు?

డివిసి_వకీలు:

కాదు. సెక్షన్ 12 దరఖాస్తుకు ఆ ఏడాది గడువు వర్తించదని 2022లో కామాక్షి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు ఫీజు లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కి చేయండి.

సంఘం_లీడరు:

ఆశ్రయం సంగతి గూడ రాయుండ్రి. హింస పడ్డ ఆడోళ్లకు ఆసరా ఇచ్చే సర్కారు సఖి కేంద్రంల ఉండేది కొద్దిరోజులకే, ఐదు దినాలు. ఆనంక ఏడికి పోవాలె? పెద్దగయిన కొడుకును తల్లితోని ఉండనియ్యరు. పిల్లగాన్ని ఇడ్సిపెట్టలేక మల్ల కొట్టెటోని ఇంటికే పోతది. తల్లీ పిల్లలు అందరు కల్సి ఉండే ఇల్లు జిల్లాకు ఒక్కటన్న ఉండాలె.

గోదారిగట్టు:

ఇది అందరూ మర్చిపోయే విషయం. చేరుస్తున్నాను. ఇక పెద్ద ప్రశ్న: సీడీపీఓలకు (అంగన్‌వాడీలను చూసే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులు) అదనపు బాధ్యతగా రక్షణ అధికారి పదవి ఇస్తామంటే ఒప్పుకోవాలా?

ఫారం_ఒకటి:

నేను ఒప్పుకోను. ఇప్పుడు జిల్లాలో జరుగుతున్నదే మండలంలో జరుగుతుంది. పౌష్టికాహారం లెక్కలు, గుడ్ల సరఫరా, యాప్‌లో ఎంట్రీలు చూసే అధికారికి హింస కేసు ఆఖరి పని అవుతుంది. పూర్తికాలపు అధికారి, సామాజిక రంగంలో కనీసం మూడేళ్ల అనుభవం, మూడేళ్లు కదలని పోస్టింగు. ఈ చివరి రెండూ 3వ నిబంధనలోనే ఉన్నాయి.

సంఘం_లీడరు:

నువ్వు చెప్పేది నిజమే చెల్లె, గని పోస్టులు మంజూరయ్యి, పరీక్షలు పెట్టి, ఎన్నడొస్తరు? అప్పటిదాంక ఆడోళ్లు ఎవ్వల దగ్గరికి పోవాలె? ముందుగాల పేరు, ఫోన్ నంబరు ఉన్న ఒక మనిషి మండలంల ఉండనియ్యి. ఎన్కసీరి పూర్తి టైము అడుగుదం.

గోదారిగట్టు:

అయితే రెండు దశలుగా రాద్దాం. ‘ఆరు వారాల్లో ప్రతి మండలానికీ పేరుతో, ఫోన్ నంబరుతో అధికారిని ప్రకటించాలి. ఏడాదిలో రెవెన్యూ డివిజన్‌కు ఒకరు చొప్పున ఇతర బాధ్యతలు లేని పూర్తికాలపు రక్షణ అధికారి, వారికి ఒక నోటీసు సహాయకుడు, వాహనం, జీతభత్యాలకు బడ్జెట్‌లో విడి పద్దు.’ ఫారం_ఒకటి గారూ, సరేనా?

ఫారం_ఒకటి:

ఏడాది గడువు తేదీ వేసి రాస్తే సరే. తేదీ లేకపోతే అదనపు బాధ్యతే శాశ్వతమైపోతుంది.

స్టేషన్_రైటర్:

వినతిపత్రంతో పాటే సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. జిల్లా కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఉచితం. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘గృహహింస కేసుల వివరాలు ఇవ్వండి’ అంటే వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. పేర్లు వద్దని ముందే రాసి, అంకెలే అడగండి. గత ఆర్థిక సంవత్సరంలో నెలవారీగా నమోదైన డి.ఐ.ఆర్.లు ఎన్ని, కోర్టు నుంచి వచ్చిన నోటీసులు ఎన్ని, రెండు రోజుల్లో అందించినవి ఎన్ని, అందకుండా తిరిగి పంపినవి ఎన్ని, రక్షణ అధికారికి ఉన్న ఇతర బాధ్యతలు ఏవి, వాహనం ఉందా, ఆ ఏడాది విడుదలైన సొమ్ము ఎంత, ఖర్చయింది ఎంత. పోలీసు కార్యాలయానికి విడిగా: సెక్షన్ 31 కింద నమోదైన ఎఫ్‌ఐఆర్‌లు ఎన్ని.

గోదారిగట్టు:

ఈ ప్రశ్నలే దరఖాస్తుకు వాడతాం. ముసాయిదా ఆదివారం ఇక్కడే పెడతాను. సోమవారం తెలంగాణవాళ్లు కలెక్టరేట్ ప్రజావాణిలో, ఆంధ్రవాళ్లు ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో కాపీ ఇచ్చి, రసీదు నంబరు, జిల్లా పేరు కింద రాయండి. మీ జిల్లాలో రక్షణ అధికారి ఆఫీసు ఫోన్ ఎవరైనా ఎత్తుతున్నారో లేదో కూడా రాయండి.